పీఠం, పీట: డియేగో జాకొమెట్టి కంచు సామాను



మాస్టారి పేరు మీ చేతుల్లోని ఆహ్వానపత్రిక మీదా, నా వెనకున్న బ్యానరు మీదా ఇంటిపేరుతో సహా ఉంది. బతికున్న రోజుల్లో తన పేరు ఇంత పెద్ద అక్షరాల్లో ఆయన చూసుకున్న పాపాన పోలేదు. నా నోటికీ ఆ పేరు అలవాటు లేదు. మాస్టారు అనే అంటాను, మీరు సర్దుకోండి. ఆయన అమ్మాయిలిద్దరూ, శిష్యులూ తలా కొంత వేసుకుని బ్యాంకులో పెట్టిన డిపాజిట్టు మీద వడ్డీతో ఈ ఉపన్యాసం నడుస్తోంది. ఇప్పటి వడ్డీ రేట్లకి అది వక్త దారిఖర్చులకూ మీ టీలకూ సరిగ్గా సరిపోతుందట. పైసా మిగలకుండా లెక్క తేలడం మాస్టారికి చాలా ఇష్టమైన విషయం.

తెనాలి చుట్టుపక్కల విగ్రహాలు చేసే కుటుంబాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మాస్టారిది ఆ పనిలో ఒక మూల. శిల్పి ఎక్కడినుంచో వచ్చి మట్టిలో బొమ్మ చేసి బస్సెక్కి వెళ్లిపోయేవాడు. ఆ మట్టి కూలకుండా లోపల ఇనప కట్టు కట్టింది, ప్లాస్టరుతో అచ్చు తీసింది, మైనం పోసింది, కంచు పోసింది, అతుకులు ఆకురాయితో రాసి కలిపింది, లారీ ఎక్కించి, దించి, దిమ్మె మీద నిలబెట్టి బోల్టు బిగించింది మాస్టారు. ఓ ఊళ్లో విగ్రహావిష్కరణకి ఆయనతో నేనూ వెళ్లాను. శిలాఫలకం మీద పద్నాలుగు పేర్లు లెక్కపెట్టాను. మైకు సెట్టు దాతగారి పేరు కూడా ఉంది. మాస్టారి పేరు లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన ఆ ఫలకం మాటే ఎత్తలేదు. దిమ్మె సిమెంటు పూర్తిగా ఆరకుండా ముహూర్తం పెట్టుకున్నారని, రాత్రికి గాలి లేస్తే చీలమండ దగ్గర ఏమవుతుందోనని బెంగపెట్టుకుని కూర్చున్నారు.

ఆ బస్సు ప్రయాణం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇంకొకాయన గుర్తొస్తాడు. ఆయన మన దేశం వాడు కాదు. స్విట్జర్లాండు కొండల్లో పుట్టి, పారిస్‌లో అరవై ఏళ్లు బతికి, 1985లో పోయాడు. పేరు డియేగో జాకొమెట్టి. జాకొమెట్టి అనగానే కళాశాల పిల్లలు బక్కపల్చని, సాగదీసిన కంచు మనుషుల్ని తలుచుకుంటారు. ఆ బొమ్మలు చేసింది అన్నగారు, ఆల్బెర్టో. నేను మాట్లాడబోయేది తమ్ముడి గురించి. తమ్ముడు బల్లలు, కుర్చీలు, దీపాలు, తలుపు పిడులు చేశాడు.

1

మన భాషలో ఒక సదుపాయం ఉంది. విగ్రహం కింద ఉండేది పీఠం. అన్నానికి కూర్చునేది పీట. మాట ఒకటే. గుళ్లో ఉన్నది ఒత్తు నిలుపుకుంది, వంటింట్లోకి వచ్చింది ఒత్తు పోగొట్టుకుంది. బరువు మోసే చదునైన వస్తువు అన్న అర్థం మాత్రం రెండిట్లోనూ చెక్కుచెదరలేదు. పారిస్‌లో శిల్పానికో మ్యూజియం, కుర్చీకో మ్యూజియం. రెండోదాన్ని అలంకార కళలు అంటారు. ఆ అలంకారం అన్న మాటలో కాస్త చిన్నచూపు ఉంది. 1930ల్లో ఆల్బెర్టో దీపాలూ కూజాలూ చేస్తున్నాడని తోటి సర్రియలిస్టులు ముఖం చిట్లించారు. 1935లో ఆయన వాళ్లకి దూరమైనప్పుడు ఆయన మీద పెట్టుకున్న ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి.

డియేగో నలభై ఏళ్లు అన్నగారి శిల్పాలకు పీఠాలు కట్టాడు. ఆ పని చేస్తూనే మధ్యమధ్యలో, అన్నగారు పోయాక ఇంకో ఇరవై ఏళ్లు పూర్తిగా, జనానికి పీటలు చేశాడు. ఈ రెంటినీ విడదీసి, మొదటిది సాయం, రెండోది సొంత కళ అని రాసేవాళ్లున్నారు. ఆయన్ని లేవదీయాలని ఇంకొందరు, ఆ బల్లలు నిజానికి శిల్పాలే అంటారు. నాకు రెండూ రుచించవు. ఆయన జీవితమంతా చేసిన పని ఒక్కటే, అది మోయించడం. ఏ బరువు ఎక్కడ ఆనుతుందో, ఎంత సన్నటి కాలు ఎంత మోస్తుందో నలభై ఏళ్లు చూసిన చేయి బల్ల చేస్తే ఎలా ఉంటుందో చూపించడమే ఈ పూట నా పని.

2

స్విట్జర్లాండులో ఇటాలియన్ మాట్లాడే బ్రెగాల్యా లోయలో, స్టాంపా పక్కన బొర్గొనోవో అనే పల్లెలో డియేగో 1902లో పుట్టాడు. ఆల్బెర్టో అంతకు ఏడాది ముందు. తండ్రి జొవాన్ని జాకొమెట్టి పేరున్న చిత్రకారుడు. ఆఖరి తమ్ముడు బ్రూనో వాస్తుశిల్పి అయ్యాడు. ఇంటిల్లిపాదికీ పని దొరికింది, డియేగోకి తప్ప. చిన్నప్పుడు పొలం యంత్రంలో పడి కుడిచేతి వేళ్లు నలిగాయి. పెద్దయ్యాక వ్యాపారం చదివించారు, నిలవలేదు. అటూ ఇటూ తిరిగాడు. 1925లో తల్లి అతన్ని పారిస్ పంపింది. అన్న కంటి ముందు ఉంటే దారిలో పడతాడని.

దారిలో పడ్డాడు. ఎలాంటి దారి అనుకున్నారు? 1927లో అన్నదమ్ములు ఇప్పొలీత్ మాఁద్రోఁ వీధి, 46వ నంబరులో ఒక స్టూడియోకి మారారు. దాని విస్తీర్ణం మన లెక్కలో 250 చదరపు అడుగులు ఉంటుందేమో. మాస్టారి షెడ్డు అంతకంటే పెద్దది. లోకమంతా పేరొచ్చాక కూడా ఆల్బెర్టో అక్కణ్ణించి కదల్లేదు. ఆ గదిలో మట్టి, ప్లాస్టరు దుమ్ము, సిగరెట్టు పీకలు, గోడల మీద గీతలు.

1930 ప్రాంతంలో జాఁ మిషెల్ ఫ్రాంక్ అనే గృహాలంకరణకర్త వాళ్లకి పని ఇచ్చాడు. దీపపు స్తంభాలు, గోడ దీపాలు, కూజాలు, పొయ్యి దగ్గర కట్టెలు ఆనించే దిమ్మెలు. ఊహ ఎక్కువగా ఆల్బెర్టోది, చేత డియేగోది. ఫ్రాంక్ గిరాకీలు డబ్బున్నవాళ్లు. వాళ్ల ఖాళీ ఖాళీ గదుల్లో ఈ ప్లాస్టరు దీపం ఒక్కటి పెడితే, అది ఈజిప్టు సమాధిలోంచి నిన్ననే తీసుకొచ్చినట్టు ఉండేది. యుద్ధం రావడంతో ఫ్రాంక్ అమెరికా వెళ్లిపోయి 1941లో అక్కడే చనిపోయాడు. అప్పటికి డియేగో చేయి మాత్రం సామాను పనికి అలవాటు పడిపోయింది.

ఇక అసలు ఉద్యోగం. దానికి ఓ పేరంటూ ఏమీ లేదు. ఆల్బెర్టో బొమ్మకు లోపలి ఇనప కట్టు డియేగో కట్టాలి. ఆల్బెర్టో పగలూ రాత్రీ దాని మీద మట్టి పెట్టి, తీసి, పెట్టి, తీసి, తెల్లవారేసరికి సగం నాశనం చేసేవాడు. ఏది ఉంచాలో ఏది ఎప్పుడు కాపాడాలో చూసుకుని ప్లాస్టరులో అచ్చు తీయాల్సింది డియేగో. రాయి చెక్కడం, పోత పోసే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లడం, తెచ్చాక రాయడం, రంగు పట్టించడం, పీఠం ఎక్కించడం అన్నీ డియేగో. ఇవి చాలవన్నట్టు కూర్చుని మోడల్‌గా ఉండటం కూడా. 1914 ప్రాంతంలో పిల్లవాడిగా ఉన్నప్పుడే అన్న చేసిన మొదటి తల బొమ్మ తమ్ముడిది. 1935 నుంచి అది దినచర్య అయింది.

1956 వెనిస్ ప్రదర్శన ముందు జరిగినది వినండి. ఆల్బెర్టో ఒకే ఇనప కట్టు మీద, ఒకే మట్టితో, నిలబడిన స్త్రీ బొమ్మను చేస్తూ మారుస్తూ పోతున్నాడు. ఎక్కడో ఒకచోట ఆగి, ఇది ఉంచు అంటే, డియేగో వెంటనే అచ్చు తీసేవాడు. అచ్చు తీయగానే అన్న మళ్లీ అదే మట్టి మీద పడేవాడు. అలా పుట్టినవే ‘వెనిస్ స్త్రీలు’. వాటిలో తొమ్మిదింటిని తర్వాత కంచులో పోశారు. ఒక్క మట్టి బొమ్మ, తొమ్మిది కంచు బొమ్మలు. మధ్యలో ఉన్న ఎనిమిది మార్పులూ ఈ లోకానికి దక్కాయంటే అది అచ్చు తీసినవాడి చలవ. అచ్చు తీయడం ఎంత కంగారు పనో ఇక్కడున్న మేస్త్రీలకు తెలుసు. మట్టి తడి ఆరకూడదు, ప్లాస్టరు గడ్డకట్టే లోపల పని అయిపోవాలి, పక్కన నిలబడ్డవాడు తొందర పెట్టకూడదు. ఆల్బెర్టో తొందర పెట్టే మనిషి.

యుద్ధకాలంలో 1941 చివర ఆల్బెర్టో జెనీవా వెళ్లి 1945 దాకా తిరిగి రాలేకపోయాడు. జర్మన్ల చేతిలో ఉన్న పారిస్‌లో స్టూడియో చూసుకుంటూ డియేగో ఉండిపోయాడు. ఆ నాలుగేళ్లలోనే, అన్న నీడ మీద లేకపోవడం వల్లో ఏమో, సొంతంగా జంతువుల బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు.

ఆల్బెర్టో కంచు మనుషుల పాదాలు ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ఒళ్లంతా పుల్ల, పాదాలు మాత్రం పలక. కొన్నిట్లో పాదమూ పీఠమూ కలిసిపోయి, మనిషి అడుసులో దిగబడ్డట్టు ఉంటాడు. విమర్శకులు దాని మీద తత్త్వం చాలా రాశారు. మాస్టారికి నేను ఆ ఫొటో చూపిస్తే చీలమండ దగ్గర వేలు పెట్టి, లోపల చువ్వ ఎంత మందం ఉండుంటుంది, అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఆయన చాలాసేపు చూసి పుస్తకం మూసేశారు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు ప్రపంచంలో ఒక్కడే ఉండేవాడు. ఆ చువ్వ వంచినవాడు.

3

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. కిలుము గురించి.

మన ఇళ్లల్లో పండగ ముందురోజు పెరట్లో కంచు, ఇత్తడి సామాను కుప్పపోసి చింతపండుతో తోమడం గుర్తుందా? పచ్చగా పట్టిన కిలుమంతా పోయి బంగారంలా మెరవాలి. కిలుము పట్టిన గిన్నెలో పులుసు కాస్తే విషం. ఇత్తడి గిన్నెకు కళాయి పూయించేది అందుకే. మనకు కిలుమంటే ఇల్లాలి బద్ధకం. పారిస్ పోతఖానాలో అదే కిలుముకు కూలి ఇచ్చి మరీ పట్టిస్తారు. కొత్తగా పోసిన కంచు కంటికి గుచ్చుకునే పసుపు రంగులో ఉంటుంది. దాన్ని మంట పెట్టి వేడి చేసి, లవణాలు కలిపిన నీళ్లు కుంచెతో అద్దుతారు. కాపర్ నైట్రేటు అయితే పచ్చ, ఫెర్రిక్ నైట్రేటు అయితే గోధుమ, ఎరుపు. వేడి ఎక్కువైతే రంగు మాడుతుంది, తక్కువైతే పట్టదు. చివర్న మైనం రాసి ఆపుతారు.

ఆల్బెర్టో బొమ్మలకు ఈ పని ఎక్కువగా డియేగో చేతిమీద జరిగింది. ఒకే బొమ్మ ఒక పోతలో మట్టిరంగు, ఇంకోదాంట్లో ఆకుపచ్చ, ఇంకోదాంట్లో నలుపు. ఆ రంగును బట్టి బొమ్మ దిగులు మారుతుంది. సొంత బల్లలకీ ఇదే చేశాడు. లేత ఆకుపచ్చ కాలు, దాని మీద ముదురు గోధుమ కప్ప. మనవాళ్లు చూస్తే తోమి పెడతారు. నవ్వకండి, నేను ఓ ఇంట్లో పాత పంచలోహ దీపాన్ని అలా చింతపండుతో కడిగిన ఘనకార్యం కళ్లారా చూశాను. కడిగింది నేనే.

4

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం.

డియేగో బల్ల అంటే చాలావరకు పైన అద్దం, కింద కంచు చట్రం. నాలుగు కాళ్లు చూపుడువేలంత మందం. గుండ్రంగా లేవు, నలుపలకగానూ లేవు. మైనాన్నో ప్లాస్టరునో వేళ్లతో నొక్కుకుంటూ పోయినట్టు ఒడుదొడుకులుగా ఉంటాయి. కాళ్ల మధ్య ఊతంగా అడ్డకమ్మీలు. కమ్మీలు కలిసేచోట ముడి. ముళ్ల దగ్గరే ఆయన ఆలోచన ఉంటుంది. వడ్రంగి అయితే అతుకును దాచేస్తాడు, కనపడితే పనితనం లోపం. డియేగో అక్కడ ఓ ఆకును అతికిస్తాడు, లేదా గుడ్లగూబ తలో, గుర్రం తలో, కప్పో కూర్చోబెడతాడు. ముక్కలుగా పోసి అతికించిన వస్తువు కదా, అతుకు ఎక్కడుందో మీరు అడగకముందే వేలుపెట్టి చూపిస్తాడు.

ఆ కప్పకి పనేమీ లేదు. అది బరువు మొయ్యడం లేదు. కమ్మీ మొయ్యాల్సింది మోస్తుంటే, దాని మీద ఊరికే కూర్చుంది. పైన అద్దం మీద మీరు కాఫీ పెట్టుకుంటారు, కింద అది కూర్చుంటుంది. ఈ సరదా మన ఇళ్లకు కొత్తది కాదు. మీలో ఉయ్యాలబల్ల ఉన్న ఇళ్లల్లో పుట్టినవాళ్లు ఎంతమంది? ఆ ఇత్తడి గొలుసులు తలుచుకోండి. కమ్మీ, కమ్మీ, మధ్యలో చిలక. కమ్మీ, కమ్మీ, మధ్యలో ఏనుగు మీద మావటి. అక్కడో తేడా ఉంది. మన చిలక గొలుసులో ఒక లంకె. తాత, నాయనమ్మ, ఒళ్లో పిల్లాడు, ముగ్గురి బరువూ దాని వీపు మీంచి దూలానికి పోతుంది. డియేగో తన జంతువులకు ఆ శ్రమ పెట్టలేదు. మోసే పనిలో అరవై ఏళ్లు ఉన్నవాడు కనీసం కప్పనైనా ఊరికే కూర్చోనిచ్చాడని నేననుకుంటాను. ఇది నా ఊహ, ఆయన ఎక్కడా చెప్పలేదు. ఆయన ఏదీ ఎక్కువ చెప్పే రకం కాదు.

ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పిల్లి. అడుగు ఎత్తుంటుంది. వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడి, ముందు కాళ్లతో ఒక పళ్లెం పట్టుకుని, హోటల్లో సర్వరులా, మర్యాదగా చూస్తుంటుంది. ఫ్రెంచిలో దాని పేరుకు అర్థం కూడా అదే, వడ్డన పెద్ద పిల్లి. పళ్లెం పిట్టల కోసం. తోటలో పెట్టి అందులో గింజలు వేస్తే పిట్టలు వచ్చి తినాలి. పిల్లి పట్టుకున్న పళ్లెంలో! ఆ హాస్యం పక్కన పెట్టి చూస్తే, పిల్లి రెండు కాళ్ల మీద నిలబడాలంటే బరువు తోక దగ్గరికి రావాలి, ముందుకు చాచిన పళ్లెం పడదోయకూడదు, పిట్ట వచ్చి అంచున వాలితే ఊగకూడదు. ఆల్బెర్టో నడిచే మనిషికి ఎక్కడ బరువు ఆనాలో లెక్క చూసిన చేయే ఇక్కడా చూసింది. ఇంకో నిప్పుకోడి ఉంది. దాని ఒంట్లో నిజం నిప్పుకోడి గుడ్డు ఇమిడి ఉంటుంది. కంచు గట్టిది, గుడ్డు పెంకు పెళుసు. పెళుసుదాన్ని గట్టిది నొక్కకుండా పట్టుకోవాలి.

1964లో దక్షిణ ఫ్రాన్సులో సెయింట్ పాల్ ద వాఁస్ అనే కొండ ఊళ్లో మేగ్ దంపతులు తమ కళాసంస్థ తెరిచారు. భవనం కట్టింది జోసెప్ లుయీస్ సెర్ట్. ఆవరణలో ఆల్బెర్టో మనుషులు నిలబడి ఉంటారు. పక్కనే ఫలహారశాలలో కుర్చీలు, బల్లలు డియేగోవి. ఒకే ఇంటి కంచు, ఒకే చేతి కిలుము. ఒకదాని ముందు తాడు కడతారు, ఇంకోదాని మీద కాఫీ ఒలుకుతుంది. జూరిచ్‌లో క్రోనెన్‌హాలె బారులో కూడా ఆయన దీపాలు, బల్లలు ఉన్నాయి. అక్కడ ఒలికేది కాఫీ కాదు.

పోత పద్ధతి మాటకొస్తే, మన దగ్గర ఆసిఫాబాద్ వైపు గోండు పల్లెల్లో వోజులు అనే పనివాళ్లు మైనపు పోత పోస్తారు. మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి, మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన సందులో లోహం పోస్తారు. ఆదిలాబాద్ డోక్రా అనే ఆ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనిలో పైమట్టి పగలగొడితేగాని బొమ్మ రాదు, అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు. డియేగో పద్ధతి వేరు. ఆయన దగ్గర ప్లాస్టరు నమూనాలు ఉండేవి, అడిగినవాళ్లకు మళ్లీ పోసి ఇచ్చేవాడు. కాకపోతే గిరాకీని బట్టి కప్ప బదులు ఎలుక, ఆకు ఇటు బదులు అటు. అందువల్ల వాటిలోనూ ఒకేలా ఉండేవి తక్కువ.

5

సంతకం సంగతి త్వరగా ముగిస్తాను. నాకు ఇష్టమైన భాగం కాదు ఇది.

ఆయన తన సామాను మీద ఎక్కువగా డియేగో అనే వేసేవాడు. ఇంటిపేరు వేస్తే అన్న పేరు అమ్ముకున్నట్టు అవుతుందని. ఎన్ని పోశాడో నంబర్లు వేయలేదు, జాబితా పెట్టలేదు. ఆ నిజాయితీ వల్ల ఆయన పోయాక దొంగ సామాను చేసేవాళ్లకు పండగైంది. వ్యవహారం ఫ్రాన్సులో కోర్టుల దాకా వెళ్లింది.

ధరలు చెబితేగాని కొందరికి నమ్మకం కుదరదు కాబట్టి చెబుతాను. 2010 ఫిబ్రవరిలో లండన్ వేలంలో ఆల్బెర్టో ‘నడిచే మనిషి’ ఆరున్నర కోట్ల పౌండ్లు పలికింది. అదే ఏడాది మే నెలలో న్యూయార్క్‌లో ఆల్బెర్టో చేసిన ఒక తల 5 కోట్ల 30 లక్షల డాలర్లు. ఆ తల డియేగోది. 2017లో ఫ్యాషన్ సృష్టికర్త జివాంషీ తన దగ్గరున్న డియేగో సామాను అమ్మినప్పుడు ఎనిమిది మూలల బల్ల ఒక్కటి 40 లక్షల యూరోలు దాటింది. తల వేరొకరి చేతిలో పడితే అన్ని కోట్లు, సొంత చేయి చేసినదానికి లక్షలు. ఆ బల్ల కాళ్లు మామూలు కాళ్లు కావు, నెత్తిన బరువు మోసే ఆడ, మగ బొమ్మలు. రామప్ప గుడి చూరు కింద మదనికలు మోస్తున్నట్టు నిలబడి ఉంటారే, ఆ మాదిరి. అరవై ఏళ్లు మోసినవాడు ఎనభై ఏళ్ల వయసులో మోసేవాళ్లనే బల్లకు కాళ్లుగా పెట్టాడు. ఇది ఊహకాదు, బల్ల సాక్షి. ఇప్పుడు ఆ బల్ల మీద ఎవరూ కాఫీ పెట్టరు. అంత ధర పలికిన రోజునే అది బల్లగా రిటైరైంది.

6

1966 జనవరి 11న స్విట్జర్లాండులో కూర్ ఆసుపత్రిలో ఆల్బెర్టో చనిపోయాడు. పారిస్ స్టూడియోలో ఆయన చివరి పని మిగిలిపోయింది. ఎలీ లోతార్ అనే స్నేహితుడి మట్టి బొమ్మ, నడుం దాకా. మట్టి ఎండకుండా దాని చుట్టూ తడిగుడ్డలు చుట్టి ఉన్నాయి. పారిస్‌లో అది గడ్డకట్టే చలి. డియేగో వెంటనే పారిస్ వచ్చి స్టూడియో తలుపు తీశాడు. గుడ్డల్లో నీరు మంచైపోయింది.

ఈ క్షణాన్ని మేస్త్రీలు అర్థం చేసుకుంటారు. మట్టిలో నీరు గడ్డకడితే ఉబ్బుతుంది. గుడ్డ గట్టిగా లాగితే దాంతోపాటు ముక్కో చెవో ఊడివస్తుంది. ఒక్కసారిగా వేడి చేస్తే పైపొర బీటలు వారుతుంది. అన్న వేలిముద్రలు ఆ మట్టిమీద తప్ప ఇంకెక్కడా కొత్తగా పడవు. డియేగో పొయ్యి రాజేశాడు. గది మెల్లగా వెచ్చబడేదాకా ఆగాడు. గుడ్డలు మెత్తబడ్డాక ఒక్కొక్కటే విప్పాడు. బొమ్మ దక్కింది. అచ్చు తీయించి, కంచులో పోయించి, ఒక ప్రతిని తమ పల్లెకు తీసుకెళ్లి అన్న సమాధి మీద పెట్టాడు. పక్కన తను చేసిన చిన్న కంచు పిట్టను పెట్టాడు.

మాస్టారి షెడ్డులో ఆయన దగ్గర పనిచేస్తూ ఒకసారి గాలి పోయే గొట్టం ఒకటి నేను మట్టితో మూసేశాను. మూసేశానని తెలియలేదు. పోత సగంలో కంచు వెనక్కి చిమ్మింది, విగ్రహం భుజం దగ్గర అరచేయంత గుంట. మూడు నెలల పని. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. మాస్టారు తిట్టలేదు. ఆ గుంటలో వేలు పెట్టి అంచులు తడిమి, రేపు ముక్క పోసి అతికిద్దాం, అంతలో అన్నం తిను, అన్నారు. డియేగో పొయ్యి దగ్గర కూర్చున్న సంగతి చదివినప్పుడు నాకు ఆ మధ్యాహ్నమే కళ్ల ముందు మెదిలింది.

ఆఖరి పని. పారిస్ మారే పేటలో ఓతెల్ సాలె అనే భవనం ఉంది. 17వ శతాబ్దంలో ఉప్పు పన్ను వసూలు చేసి గడించినవాడు కట్టుకున్న ఇల్లు. ఊరి జనం దానికి ‘ఉప్పటి’ ఇల్లని పేరు పెట్టారు. పారిస్‌వాళ్ల ఎత్తిపొడుపు అది. దాన్ని పికాసో మ్యూజియంగా మారుస్తూ దీపాలు, బెంచీలు, కుర్చీలు, బల్లలు చేయమని ఎనభై దాటిన డియేగోను అడిగారు. నేను ఆ మ్యూజియానికి వెళ్లినప్పుడు మెట్లెక్కుతూ పికాసోకంటే ముందు తల పైకెత్తాను. తెల్లటి రెసిన్‌తో చేసిన దీపాల గుత్తి, తీగలు తీగలుగా. దాని కిందుగా జనం తలెత్తకుండా పికాసో కోసం పరిగెడుతున్నారు. నేను ఒక బెంచీ మీద కూర్చుని షూ లేసు కట్టుకున్నాను. కంచు చల్లగా ఉంది. 1985 శరదృతువులో మ్యూజియం తెరిచారు. డియేగో జులైలో, కంటి శుక్లాల ఆపరేషను చేయించుకున్న కొద్దిరోజులకు, పోయాడు. తన దీపాలు అక్కడ వెలగడం చూడలేదు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఇంకొక్క మాట, ఇది ఉపన్యాసం కాదు, మనవి. ఈ వేదిక మీద దీపం పెట్టిన ముక్కాలిపీట చూశారా? మాస్టారు విగ్రహాలు పోయగా మిగిలిన కంచుతో ఇంట్లోకి చేసుకున్నది అదొక్కటే. ఒక కాలు పొట్టి. అందుకే కింద ఆహ్వానపత్రిక మడిచి పెట్టారు, ఆయన పేరున్న వైపే పైకుంది. వాళ్లింట్లో దాని మీద మంచినీళ్ల బిందె ఉండేది. ముప్పై ఏళ్లు బిందె అడుగు రాసుకుని పైన గుండ్రటి గీత పడింది, ఆ గీత లోపల కంచు ఇంకా పసుపుగానే ఉంది. దగ్గరికొచ్చి చూడండి. దీపం జాగ్రత్త, నూనె నిండుగా ఉంది.